నెలాఖరులో రాత్రి పప్పు మానేస్తే నిజంగా డబ్బు మిగులుతుందా?

కరీంనగర్ కోడలు:
మేం ఇంట్లో నలుగురం. ఆయన జీతం ఒక్కటే. ఇరవయ్యో తారీఖు దాటితే సరుకులకు చెయ్యి ఆడదు. ఆ చివరి రోజుల్లో రాత్రిపూట పప్పు, కూర మానేసి పచ్చిపులుసు, పచ్చడి, మజ్జిగతో కానిద్దామని అత్తమ్మ అంటున్నారు. బడికి పోయే పిల్లాడున్నాడు, పప్పు మాత్రం మానొద్దని నా మాట. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. మీ ఇళ్లల్లో ఏం చేస్తున్నారు?

తెనాలి బాబాయ్:
మీ అత్తగారు చెప్పింది సబబే అమ్మా. మా చిన్నతనంలో రాత్రికి ఊరగాయ, మజ్జిగన్నం, ఉంటే ఓ ఉల్లిపాయ. అది తినే పొలం పనులు చేశాం. రాత్రి పప్పు బరువు, అరగదు కూడా. ఖర్చు తగ్గాలంటే ఏదో ఒకటి వదులుకోవాలి. మధ్యాహ్నం పప్పు పెట్టి రాత్రికి తేలిగ్గా కానిస్తే తప్పేముంది?

పప్పుగుత్తి:
చెల్లీ, ముందు లెక్క చూద్దాం. మా దగ్గర ఈ వారం కందిపప్పు కిలో 130 రూపాయలు. నలుగురికి రాత్రి పప్పుచారుకు 150 గ్రాములు చాలు. అంటే పూటకు 20 రూపాయలు. చివరి 8 రాత్రులు మానేస్తే మిగిలేది 160. మా దగ్గర అది ఒక లీటరు నూనె ప్యాకెట్ ధర!

అందుకే తగ్గించాల్సింది నూనె అంటాను. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2,000 కేలరీల భోజనానికి చెప్పే నూనె రోజుకు 27 గ్రాములు. ఆ లెక్కన నలుగురికి నెలకు మూడున్నర లీటర్లు. ఇంట్లో 5 లీటర్ల డబ్బా నెలలోపే అయిపోతుంటే పొదుపు చేయాల్సిన చోటు అక్కడుంది. వేపుళ్లు వారానికి ఒకటి చాలు. మిగతా రోజులు పులుసు, పప్పుకూర చేసుకోవచ్చు.

బాబాయ్ గారూ, పచ్చడి మెతుకులతో కడుపు నిండుతుంది, నిజమే. కానీ ఎదిగే పిల్లలకు అది చాలదు. ప్రోటీన్‌లో ఉండే అమైనో ఆమ్లాల్లో లైసిన్ అనేది బియ్యంలో తక్కువ, మిథియోనిన్ అనేది పప్పులో తక్కువ. రెండూ కలిపి తింటే ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. 100 గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, అది 13 రూపాయలకు వస్తోంది. అంతే ప్రోటీన్ గుడ్ల నుంచి రావాలంటే మూడున్నర గుడ్లు కావాలి. గుడ్డు 7 రూపాయల చొప్పున 25 దాకా అవుతుంది. గుడ్డు మంచిదే, వద్దనను. పప్పు ఖరీదు అనే మాటే నేను ఒప్పుకోను.

కిరాణా కొట్టు:
కౌంటర్ దగ్గర నాకు కనిపించేది చెప్తాను. నెల మొదట్లో వచ్చే చీటీలో బిస్కెట్లు, నూడుల్స్, కూల్‌డ్రింకులు ఉంటాయి. ఇరవై దాటాక వాళ్లే వచ్చి పావుకిలో పప్పు, చిన్న నూనె ప్యాకెట్ అడుగుతారు. చిన్న ప్యాకెట్ మామూలుగా కిలో లెక్కన ఎక్కువ పడుతుంది. జీతం రాగానే నెలకు సరిపడా పప్పులు కొని ఎండబెట్టి, ఎండుమిరపకాయలు వేసి డబ్బాలో పెట్టుకోండి. తర్వాతే మిగతా చీటీ రాయండి. నా బేరం తగ్గినా ఇదే చెప్తాను.

తెనాలి బాబాయ్:
పప్పుగుత్తి గారూ, ఆ సంస్థే పప్పులు, గుడ్లు, మాంసం కలిపి మనిషికి రోజుకు 85 గ్రాములు అంటుంది కదా. నలుగురికి నెలకు 10 కిలోలు దాటుతుంది. ఒక్క జీతం మీద బతికే ఇల్లు అంత కొనగలదా? కాగితం మీద లెక్క వేరు, పొయ్యి మీద లెక్క వేరు. నూనె తగ్గించమన్నారు, దానికి ఒప్పుకుంటా. కానీ గ్యాస్ మాటేమిటి? రెండు పూటలా పప్పు ఉడకాలంటే సిలిండర్ కూడా కరిగిపోతుంది.

పప్పుగుత్తి:
అంతా కొనలేరు, నిజమే. అయితే ఉన్న కాస్తా ఎందుకు కోసేయాలి? అన్నీ కందిపప్పే కానక్కర్లేదు. శనగపప్పు మా దగ్గర 90కే దొరుకుతోంది. బొబ్బర్లు, ఉలవలు ఉన్నాయి. మీల్ మేకర్ 100 గ్రాముల్లో 50 గ్రాముల దాకా ప్రోటీనే, వారానికోసారి కూరలో వేస్తే పిల్లలు ఇష్టంగా తింటారు. గ్యాస్‌కు దారి ఉంది. పప్పు అరగంట ముందు నానబెట్టి కుక్కర్‌లో ఒకేసారి ఉడికించాలి. పైన కట్టు తీసి రాత్రి చారుకు ఉంచుకుని, ముద్దను మధ్యాహ్నం తోటకూరతోనో పాలకూరతోనో కలిపేస్తే రెండు పూటలకూ ఒకటే ఉడుకు. కట్టు ఒక్కటే పలచన కదా అనకండి, ఒక గరిటె ముద్ద అందులో వదిలేస్తే సరి.

కరీంనగర్ కోడలు:
ఇంకో మాట. 2025 ఏప్రిల్ నుంచి మాకు రేషన్‌లో సన్నబియ్యం ఇస్తున్నారు, మనిషికి 6 కిలోలు. నలుగురికి 24. ముద్దవుతోందని అత్తమ్మ అవి పక్కింటి వాళ్లకు ఇచ్చి దుకాణంలో సోనామసూరి బస్తా తెప్పిస్తున్నారు.

పప్పుగుత్తి:
ఆ బస్తా డబ్బులోనే నీ పప్పు ఉంది చెల్లీ! కొత్త బియ్యానికి నీళ్లు తక్కువ పట్టాలి, పాత బియ్యం కొలతతో పోస్తే ముద్దవక ఏమవుతుంది? గంజి వార్చి చూడు. వారం రోజులు మీ అత్తమ్మ చేతే వండించు, ఆమెకు చెయ్యి తెలుసు.

కిరాణా కొట్టు:
బియ్యం అమ్ముకునే నాకూ అదే సరైన మాటగా కనిపిస్తోంది.

గోదారి అమ్మాయి:
ఇంతసేపూ ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. తక్కువ వండిన రోజు ఎవరి కంచంలో తగ్గుతోంది? మా ఇంట్లో అమ్మ ఆఖర్న తినేది. గిన్నెలో ఏం మిగిలితే అది, చాలాసార్లు మజ్జిగన్నమే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. పచ్చిపులుసుతో సరిపెట్టుకుందాం అన్నప్పుడు అందరూ సమానంగా సరిపెట్టుకోరు. కరీంనగర్ అక్కా, మీ ఇంట్లో ఆఖర్న ఎవరు తింటారు?

కరీంనగర్ కోడలు:
నేనే. ఒక్కోసారి అత్తమ్మ కూడా.

తెనాలి బాబాయ్:
అలాగైతే అందరూ ఒకేసారి కూర్చోండి, ముందే నాలుగు కంచాల్లో వడ్డించేయండి. రాత్రి తేలిగ్గా తినాలన్న నా మాట మార్చుకోను. కానీ ఆ పప్పుకట్టు చారు మాత్రం మీ అత్తగారితో కలిపి నలుగురికీ సరిపడా కాచు తల్లీ.