అప్‌డేట్: చెన్నైలో ఇల్లు దొరికింది

తమిళం ఒక్క ముక్క రాదు, చెన్నైలో అద్దె ఇల్లు ఎలా వెతకాలి అని అడిగాను కదా, దొరికింది. మడిపాక్కంలో, రెండు బెడ్‌రూములు. యాప్‌లు పక్కన పెట్టి వీధులు తిరగమని మీలో ఒకరు చెప్పిన మాటే పనికొచ్చింది, బ్రోకర్ ఖర్చూ తప్పింది.

ఓనరమ్మకు తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడరు. నేను తెలుగులో, ఆవిడ తమిళంలో. బేరం మాత్రం జోరుగానే సాగింది. అడ్వాన్స్ పది నెలలు అన్నారు. వేరే ఒప్పందం లేకపోతే మూడు నెలల అద్దెకు మించకూడదని తమిళనాడు 2017 అద్దె చట్టంలో ఉందండీ అన్నారు మా ఆయన. ఆవిడ నవ్వేసి ఐదుకు దిగారు. అంత దిగడమే ఎక్కువ!

కరెంటు మీటరు సంగతి ముందే అడగమన్నవాళ్ళకు దండం. అంతకుముందు చూసిన ఇంట్లో సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కు ఇంత అని వాళ్ళే వసూలు చేస్తారట. ఇక్కడ మాకు విడిగా ఈబీ (కరెంటు బోర్డు) మీటరు, రెండు నెలలకోసారి బిల్లు, మొదటి 100 యూనిట్లు ఉచితం.

బోరు నీళ్ళు మాత్రం ఒకటే ఉప్పు. పప్పు ఓ పట్టాన ఉడకదు, కుక్కర్ అడుగున తెల్లటి పొర. వంటకూ క్యాన్ నీళ్ళే.

తమిళం అంటారా, కూరగాయల బండి దాకా వచ్చింది. ఆటోవాళ్ళ దగ్గర ఇంకా మా అబ్బాయే దిక్కు.