పిల్లల పండగ బట్టలు ఇంట్లో కుట్టేది ఎవరి కోసం?

సూదిమొన

మా అమ్మాయికి నాలుగేళ్లు నిండాయి. ఈసారి పండగకి సీతాకోకచిలుక వేషం వేస్తానంది. కొని తెస్తే పోయేదానికి, నేనే కుడతానని కూర్చున్నాను. పన్నెండు రాత్రులు పట్టింది. పసుపు శాటిన్ గౌను, నడుం దగ్గర జానెడు నెట్టు కుచ్చు, వీపుకి రెక్కలు, రెక్కల మీద చేత్తో కుట్టిన చెమ్కీలు. ఆఖరి రోజు మిషన్ మీద మూత పెట్టేసరికి రాత్రి రెండయింది.

పొద్దున తొడిగితే ఫొటోలు తీసినంతసేపు బాగానే ఉంది. తర్వాత గదిలోకి వెళ్లి, రెక్కలు పీకేసి, గౌను తిరగేసి వేసుకుని వచ్చింది. కుట్లన్నీ బయటికి కనపడుతూ, దారప్పోగులు వేలాడుతూ. "ఇటువైపే బావుందమ్మా" అంది. రోజంతా అలాగే తిరిగింది. ఇంటికొచ్చిన వాళ్లందరికీ సంజాయిషీ చెప్పుకోవడంతోనే నా పండగ అయిపోయింది.

మా ఆయన ఒకే మాటన్నాడు: "నువ్వు కుట్టింది దానికి కాదు, నీకు." రెండు రోజులు మాట్లాడలేదు నేను. ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నా, ఆ మాట నిజమేనా? పిల్లల పేరు చెప్పి మనం మన ముచ్చట తీర్చుకుంటున్నామా? మొహమాటం లేకుండా చెప్పండి.

రెడీమేడ్ బాబాయ్

మొహమాటం వద్దన్నారు కాబట్టి చెబుతున్నా. మీ ఆయన మాటే కరెక్టు. నాలుగేళ్ల పిల్లకి కొన్నదానికీ కుట్టినదానికీ తేడా తెలియదు. ఆ పన్నెండు రాత్రులూ అమ్మ పక్కన లేదన్నది మాత్రం తెలుస్తుంది.

ఇంకో సంగతి. యూరప్‌లో పిల్లల వేషాలు బొమ్మల కింద లెక్క. బొమ్మల భద్రతా ప్రమాణం ఈఎన్ 71 వాటికీ వర్తిస్తుంది, మంట అంటుకుంటే ఎంత వేగంగా పాకుతుందన్న పరీక్షతో సహా. మీ శాటిన్‌కీ నెట్టుకీ ఆ పరీక్ష ఎవరు పెట్టారు?

కుచ్చులరాణి

బాబాయ్ గారూ, ఆవిడ అసలే బాధలో ఉంటే మీరు మంటల దాకా తీసుకెళ్లారు.

సూదిమొన గారూ, మన ముచ్చటే అనుకోండి. అయితే ఏంటి? పండగంటేనే ముచ్చట. ముగ్గురు పిల్లలకి పదేళ్లుగా కుడుతున్నా, ఒక్కటి కూడా పారెయ్యలేదు, మూట కట్టి పైన పెట్టా. నాకోసమే కుట్టా. సిగ్గేం లేదు.

కాజాలు

అందరూ మనసు గురించి మాట్లాడుతున్నారు. నేను గౌను గురించి మాట్లాడతా.

సూదిమొన గారూ, మీ అమ్మాయికి ఆ గౌను నచ్చకపోతే విప్పి పారేసి పాత చొక్కా వేసుకునేది. తిరగేసి వేసుకుని రోజంతా తిరిగిందంటే గౌను కావాలి, లోపలివైపు వద్దు. ఒకసారి నడుం కుట్టు దగ్గర లోపల వేలు పెట్టి చూడండి. శాటిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్యలో నెట్టు కుచ్చు పెట్టి ఒకే కుట్టు వేసుంటారు. అవునా? అప్పుడు నెట్టు కోసిన అంచు మొత్తం ఒంటివైపు తిరిగి ఉంటుంది. నెట్టుకి మూడింతల బట్ట తీసుకుని కుచ్చు పడతాం. అంటే నడుం 52 సెంటీమీటర్లయితే, దాదాపు మీటరున్నర నైలాన్ అంచు ఆ చుట్టంతా గుచ్చుకుంటూ ఉంటుంది. తిరగేస్తే ఆ అంచు బయటికి పోయి, నున్నటి శాటిన్ ఒంటికి తగిలింది. నాలుగేళ్ల పిల్ల ఇంజనీరింగ్ అది.

లైనింగు వేశారా?

సూదిమొన

కాజాలు గారూ, ఇప్పుడే వెళ్లి చూసొచ్చా. మీరన్నట్టే ఉంది. మోచెయ్యి లోపలివైపు పెట్టి రుద్దుకుంటే ఎర్రగా గీత పడింది. లైనింగు వెయ్యలేదండీ. టైము లేదు.

నాన్నమిషన్

నేను ఇద్దరు మగపిల్లలకి కుడతాను. (అవును, నాన్ననే. మిషన్ నా పెళ్లికి ముందు నుంచే ఉంది.) ఒక చిన్న లెక్క అడుగుతా, ఏమీ అనుకోవద్దు. ఆ పన్నెండు రాత్రుల్లో దేనికెన్ని?

సూదిమొన

బట్ట కత్తిరించడానికి ఒకటి. గౌను రెండు. కుచ్చు ఒకటి. రెక్కలకి తీగ వంచి బట్ట బిగించడానికి రెండు. మిగతా ఆరూ చెమ్కీలే.

నాన్నమిషన్

మీ ప్రశ్నకి జవాబు మీరే రాశారు. చెమ్కీలు వీపు మీదున్నాయి. వాటిని మీరు చూస్తారు, నేను చూస్తాను, కెమెరా చూస్తుంది. పిల్లకి తన వీపు కనపడదు. తనకి తెలిసేది లోపలివైపే, దానికి ఒక్క రాత్రి కూడా మిగల్లేదు.

తప్పు పడుతున్నానని అనుకోకండి, నేనూ ఇదే చేశాను. మా పెద్దాడికి రెండేళ్లప్పుడు పండగ చొక్కా కుట్టా. మెడ చుట్టూ అంత పైపింగ్, అంత సోకు. తల పట్టలేదు. ఛాతీ కొలిచా, చెయ్యి కొలిచా, తల కొలవలేదు. రెండేళ్ల పిల్లాడి తల చుట్టుకొలత 48 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, ఒళ్లు చూస్తే ఇంతే. మెడ తలకి సరిపడా ఉండాలి, లేదా వెనక చీల్చి గుండీ పెట్టాలి. నేను రెండూ చెయ్యలేదు. వాడు సగం చొక్కాలో ఇరుక్కుని ఏడుస్తుంటే కత్తెరతో చీల్చి బయటికి తీశా. ఆ పైపింగ్‌కి నాకు రెండు సాయంత్రాలు పట్టింది.

పెద్దకొడుకు

నేను ఎప్పుడూ చదవడమే తప్ప రాయను. కానీ ఇక్కడ అందరూ కుట్టేవాళ్లే మాట్లాడుతున్నారు. తొడుక్కున్నవాడిగా ఒక మాట.

మా అమ్మ మా బట్టలన్నీ కుట్టేది. పండగ పైజామా కింద మూడు టక్కులు పెట్టేది, ఏటా ఒకటి విప్పేది. టక్కు లోపలున్న బట్ట ఎండ తగలక కొత్త రంగులోనే ఉండేది, మిగతాదంతా వెలిసిపోయేది. కాళ్ల దగ్గర అడ్డంగా చారలు. ఆ చారలు లెక్కపెట్టి నా పైజామా వయసెంతో తోటి పిల్లలు చెప్పేవాళ్లు.

ఇప్పుడు ఆ పైజామా చూస్తే కళ్లు చెమర్చాయని రాస్తాననుకుంటున్నారేమో. రాయను. ఇప్పటికీ నాకది నచ్చదు. అమ్మంటే ప్రాణం, అది వేరే విషయం.

రెడీమేడ్ బాబాయ్

పెద్దకొడుకు గారికి నా వోటు.

కుచ్చులరాణి

పెద్దకొడుకు గారూ, చదివి కాసేపు ఊరుకున్నా. మా రెండోవాడు "అన్నయ్యది విప్పి నాకు పెట్టావా" అని అడిగాడు పోయినసారి. నేను నవ్వేశా. నవ్వకుండా ఉండాల్సింది.

టక్కుల గురించి మాత్రం ఒక మాట. రెండేళ్లు దాటాక పిల్లలు ఏడాదికి సుమారు ఆరు సెంటీమీటర్లు పెరుగుతారు, కాబట్టి పెరుగుదలకి బట్ట వదలకుండా కుదరదు. అయితే దాన్ని కనపడేచోట పెట్టక్కర్లేదు. గౌనుకైతే కుచ్చు కిందకి దాచొచ్చు. చారలు పడే ముదురు రంగులకి బదులు లేత రంగు తీసుకోవచ్చు. కుట్టేముందే బట్ట ఒకసారి ఉతికి ఆరేస్తే, నూలుది ఎంత ముడుచుకోవాలో అప్పుడే ముడుచుకుంటుంది. ఇది తెలియక తొలి ఉతుక్కే పొట్టయిపోయిన గౌన్లు నా మూటలో రెండున్నాయి.

కాజాలు

బాబాయ్ గారి మంటల ప్రశ్న గాలికొదిలెయ్యడం నాకిష్టం లేదు. సరైన ప్రశ్నే అడిగారు, జవాబే సగం చెప్పారు. పరీక్ష దాటిన వేషం కాలదని కాదు అర్థం. మంట పాకే వేగం ఒక హద్దు దాటదని, అంతే. కొన్నదైనా కుట్టినదైనా పల్చటి బట్ట, వదులుగా ఊగే అంచులు, రెండువైపులా గాలి తగిలే కుచ్చులు త్వరగా అంటుకుంటాయి. నూలు కాలుతుంది. పాలిస్టర్ కరిగి ఒంటికి అతుక్కుంటుంది. ఉన్ని అంత తొందరగా అంటుకోదు గానీ సీతాకోకచిలుకకి ఉన్ని ఎవరు వేస్తారు. దీపాలు, కొవ్వొత్తులు ఉన్నచోట రెక్కలు విప్పించండి, అంతే.

నాకు అంతకంటే భయం మెడ దగ్గర నాడాలంటే. ఏడేళ్లలోపు పిల్లల బట్టలకి మెడ దగ్గరా తలమీది టోపీకీ లాగి కట్టే తాళ్లు ఉండకూడదని యూరప్ ప్రమాణం ఈఎన్ 14682 చెబుతుంది. పిల్లల పైకోట్ల తాళ్ల గురించి అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ 1996లోనే మార్గదర్శకాలిచ్చింది. ఇంట్లో కుట్టేవాళ్లు అందంగా ఉంటుందని రిబ్బను ముడి పెడుతుంటారు, అది జారుడుబల్లకో తలుపు గొళ్లేనికో చిక్కుకుంటే? సూదిమొన గారూ, మీ రెక్కలు ఎలా నిలిపారు?

సూదిమొన

భుజాలకి ఎలాస్టిక్. స్కూలు బ్యాగు తగిలించుకున్నట్టు. మెడకి ఏమీ లేదు.

కాజాలు

హమ్మయ్య. చెమ్కీలు, గుండీలు కూడా మూడేళ్లలోపు పిల్లలకి వద్దు, నోట్లోకే పోతాయి. అమెరికాలో బొమ్మల చిన్న భాగాలు కొలిచే గొట్టం లోపలి వెడల్పు 31.7 మిల్లీమీటర్లు. అందులో పట్టేదేదైనా ఆ వయసుకి ప్రమాదమే. మామూలు చొక్కా గుండీ అందులో అరడజను పడుతుంది. మీ అమ్మాయికి నాలుగు దాటాయి కాబట్టి సరే. ఇంట్లో ఇంకా చిన్నవాళ్లుంటే ఊడిన చెమ్కీలు ఏరెయ్యండి.

రెడీమేడ్ బాబాయ్

నేను ఒక మెట్టు దిగుతా. మా మనవరాలికి కొన్న వేషం నిన్న తిరగేసి చూశా, మీ గోల విని. దానిలోపలా అదే నెట్టు అంచు, పైగా మెడ దగ్గర గట్టి లేబులు. పాప రోజూ మెడ గోక్కుంటుంటే చెమటకాయలనుకున్నాం.

అయినా నా మాట నాదే. పన్నెండు రాత్రులు ఎక్కువ.

నాన్నమిషన్

ఎక్కువే. మా ఇంట్లో ఇప్పుడు పద్ధతి మారింది. బట్ట వాడే ఎంచుకుంటాడు, నాకు నచ్చకపోయినా. కచ్చాకుట్టు వేసి, లోపలివైపు పూర్తిగా తయారయ్యాక ఒకసారి తొడిగిస్తా. కూర్చో, వంగు, బొమ్మ అందుకో, చేతులు పైకెత్తు. ఎక్కడైనా లాగితే మొహం చూస్తే తెలిసిపోతుంది. ఆ తర్వాతే పైన సోకులు. టైము అయిపోతే సోకులు ఆగిపోతాయి. పోయిన పండగకి కోటు మీద ఒక్క జేబుకే అంచు కుట్టా, రెండో జేబు ఉత్తదే. వాడికి పట్టనేలేదు, ఆ ఉత్త జేబులోనే రాళ్లు నింపుకున్నాడు. మా ఆవిడకి మాత్రం పట్టింది.

సూదిమొన

నిన్న మధ్యాహ్నం గౌను నడుం దగ్గర నెట్టు అంచు కత్తిరించి, పైన పట్టీ కుట్టా. పట్టీకి దాని పాత రాత్రి చొక్కానే కోశా, మెత్తగా ఉంటుందని. గంట కూడా పట్టలేదు. గంట! చెమ్కీలకి ఆరు రాత్రులు.

చూపిస్తే ముందు గౌను తిరగేసి, నడుం చుట్టూ వేలు పెట్టి మెల్లగా తడుముతూ వెళ్లింది, నేను దానికి జ్వరం చూసినట్టు. "నా చొక్కా" అంది. సరైనవైపే వేసుకుంది. రెక్కలు మాత్రం వద్దంది, గోడకి మేకు మీదున్నాయి. మా ఆయన చూశాడు గానీ ఏమీ అనలేదు. ఆ మొదటి మాట వెనక్కి తీసుకోలేదు, నేనూ అడగలేదు.

వచ్చే పండగకి కుడతానో లేదో ఇంకా తెలియదు.

రెడీమేడ్ బాబాయ్

అమ్మా, ఆ పట్టీ ఎంత వెడల్పు కోశారు? కొన్నదానికి కూడా వెయ్యొచ్చా? చేత్తో కుట్టాలి, మా ఇంట్లో మిషన్ లేదు.

కాజాలు

నిక్షేపంగా వెయ్యొచ్చు. నాలుగు సెంటీమీటర్ల పట్టీ కోసి, లోపలి అంచులన్నీ ఒక సెంటీమీటరుకి కత్తిరించి, దాని మీదుగా మడిచి కుట్టండి. నడుముకి నిలువు పట్టీ చాలు. మెడకైతే క్రాస్ పట్టీ, అంటే బట్టకి ఏటవాలుగా, కోసుకోండి, లేకపోతే వంపు దగ్గర ముడతలు పడుతుంది. కుట్లు దగ్గరగా వెయ్యండి, చివర ముడి ఒంటివైపు కాకుండా మడతలో దాచండి. ముందు ఆ లేబులు కత్తిరించండి బాబాయ్ గారూ, ఈ రాత్రికే.