కళ్లముందే జరుగుతుంటే మీరేం చేశారు? అనంతపురం, కర్నూలు, కడప వాళ్లు చెప్పండి

పద్మ_దుర్గం, రాత్రి 8:40
పోయిన సోమవారం పొద్దున కళ్యాణదుర్గం నుంచి అనంతపురం వస్తున్నాను. బస్సులో నిలబడే చోటు కూడా లేదు. కాలేజీ బ్యాగు వేసుకున్న అమ్మాయి, పదిహేడో పద్దెనిమిదో ఉంటాయి, నా సీటు పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడింది. వెనక ఒకాయన, యాభై దాటిన మనిషి. బస్సు కుదిపినా కుదపకపోయినా ఆ పిల్ల మీదికి ఒరుగుతున్నాడు. పిల్ల బ్యాగు తీసి వెనక అడ్డం పెట్టుకుంది. ముందుకు జరిగింది. ఆయనా జరిగాడు. నేను చూశాను. నాతో పాటు ఐదారుగురు చూశారు. ఒక్కరమూ నోరు తెరవలేదు. అనంతపురానికి టికెట్ తీసుకున్న పిల్ల ఆత్మకూరులోనే దిగిపోయింది. దిగేటప్పుడు నా వైపు ఒక్కసారి చూసింది.

వారం నుంచి ఆ చూపు నన్ను వదలట్లేదు. నాకూ ఇద్దరు ఆడపిల్లలు. రెండు విషయాలు అడగాలి. ఒకటి, ఇలాంటప్పుడు మీరు ఏం చేశారు? చేస్తాను అని కాదు, చేసింది చెప్పండి. రెండు, వచ్చే వారం మా పొదుపు సంఘం మీటింగులో దీని గురించి మాట్లాడతానన్నాను. ఆడవాళ్లకు ఏం చెప్పాలో తెలియట్లేదు.

నరేష్_సీమబిడ్డ, 8:52
చెంప పగలగొట్టడమే అక్కా. 2019లో కర్నూలు కొత్త బస్టాండులో ఒకడికి ఇచ్చాను. వాడు మళ్లీ ఆడపిల్ల జోలికి పోయి ఉండడు. ఇంకో మాట, 2025 ఆగస్టు 15న ఉచిత బస్సు మొదలైనప్పటి నుంచి ఈ తొక్కిసలాట ఎక్కువైంది. బస్సులు పెంచకుండా జీరో టికెట్ ఇస్తే ఇట్లే ఉంటుంది.

ధర్మవరం_లక్ష్మి, 9:01
రద్దీ మీదికి నెట్టొద్దు తమ్ముడూ. నేను 1998లో ధర్మవరం నుంచి అనంతపురం డిగ్రీకి పోయేటప్పుడు ఏ ఉచిత బస్సు ఉంది? చేతిలో పిన్నీసు పట్టుకుని ఎక్కేవాళ్లం. ఎందుకో ఇక్కడున్న ఆడవాళ్లందరికీ తెలుసు. రద్దీలో నువ్వూ నిలబడతావు కదా, నీ చెయ్యి ఎవరి మీదికైనా పోయిందా? పోదు. వాడిది పోతుంది. తేడా బస్సులో లేదు.

నరేష్_సీమబిడ్డ, 9:04
నేను బస్సులు పెంచమన్నాను. ఆడవాళ్లను దిగిపొమ్మనలేదు. మాట మార్చొద్దు.

ధర్మవరం_లక్ష్మి, 9:07
మా వీధిలో ముగ్గురు పిల్లలు చార్జీలకు లేక ఇంట్లో కూర్చున్నారు. జీరో టికెట్ వచ్చాక మళ్లీ కాలేజీకి పోతున్నారు. దాని మీద ఎవరు మాట విసిరినా నాకు మండుతుంది.

మాజీ_కండక్టర్, 9:20
టికెట్ల ట్రే పట్టుకున్న రోజుల నుంచి టిమ్ మిషన్ దాకా 31 ఏళ్లు చేశాను. ఈ విషయంలో నాకు తెలిసినంత ఇక్కడ ఎవరికీ తెలియదు, ధైర్యంగా చెప్తాను. చెంప మీద కొడితే బస్సంతా ఆ కొట్లాటనే చూస్తుంది. ఆ పిల్ల మూలన నిలబడి వణుకుతుంటుంది, ఆమెను ఎవరూ చూడరు.

2006లో ఒకసారి గుత్తి దాటాక ఇట్లాంటిదే జరిగింది. డ్రైవరుకు చెప్పి బస్సును నేరుగా పోలీస్ స్టేషన్ ముందు ఆపించాను. మంచి పనే చేశాననుకున్నాను. జనమంతా దిగి చుట్టూ మూగారు. పిల్లను మాత్రం ఎవరమూ ఒక్క మాట అడగలేదు. ఆమె ఏడుస్తా, "కేసు వద్దు సార్, ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారు" అనింది. వాడు ఇంకో బస్సెక్కి పోయాడు. ఆమె ఆ తర్వాత నా సర్వీసు ఎప్పుడూ ఎక్కలేదు.

అప్పటి నుంచి నా పద్ధతి మార్చాను. లైట్లు వేస్తాను. "అమ్మా, నీ చిల్లర తీసుకుందువు, ఇట్లా ముందుకు రా" అని పిలుస్తాను. చిల్లర ఏమీ ఉండదు. ఆమె వచ్చి నా సీటులో కూర్చుంటుంది. అప్పుడు మెల్లగా అడుగుతాను, ఏం చేద్దామమ్మా అని. స్టేషన్ అంటే స్టేషన్. దిగిపోతానంటే దిగిన చోట తోడు చూసి వదులుతాను.

నరేష్_సీమబిడ్డ, 9:26
అంటే వాడిని వదిలేసినట్టే కదా పెద్దాయనా? ఇంకో బస్సులో ఇంకో పిల్ల.

మాజీ_కండక్టర్, 9:31
వదిలేయమని నేను ఎక్కడన్నాను? పిల్లను ముందు కూర్చోబెట్టాక వాడి దగ్గరికి పోయి దించేసినవి ఎన్నో ఉన్నాయి. ముందు ఎవరిని చూడాలి అన్నదే నేను చెప్పేది.

లా_ఫైనలియర్_కడప, 9:45
చట్టం తెలియకుండా మాట్లాడుతున్నారు. 2024 జులై 1 నుంచి ఐపీసీ లేదు, భారతీయ న్యాయ సంహిత. ఇట్లా ఒంటి మీద చెయ్యి వేస్తే సెక్షన్ 74 పడొచ్చు, ఏడాది నుంచి ఐదేళ్లు. లైంగిక వేధింపు 75. వెంటపడితే 78. ఏ స్టేషన్‌లో అయినా జీరో ఎఫ్ఐఆర్ కట్టాలి, మా పరిధి కాదు అనకూడదు. ఇంకోటి, ఆ అమ్మాయికి పదిహేడే అయితే అది పోక్సో, అంటే పద్దెనిమిది నిండని పిల్లల మీద లైంగిక నేరాల చట్టం. పోక్సోలో నేరం తెలిసి పోలీసులకు చెప్పకపోవడం కూడా నేరమే, సెక్షన్ 21, ఆరు నెలల దాకా. పద్మ గారు అది కూడా తెలుసుకోవాలి.

ధర్మవరం_లక్ష్మి, 9:49
వారం నుంచి నిద్రలేని మనిషిని సెక్షన్ చెప్పి భయపెడతావా? ఆమె వచ్చి ఒప్పుకుంది. చూసి గమ్మునున్న మిగిలిన ఐదుగురు ఇక్కడికి రాలేదు.

లా_ఫైనలియర్_కడప, 9:55
భయపెట్టడానికి కాదు అక్కా. సాక్షి చెప్తే కోర్టుల చుట్టూ తిరగాలని జనం వెనక్కి పోతారు, అందుకే చట్టం తెలియాలంటున్నాను. సాక్షి ఆడమనిషి అయితే విచారణకు స్టేషన్‌కు రమ్మనకూడదు, పోలీసులే ఇంటికి రావాలి. అరవై దాటిన మగవాళ్లకూ అంతే. ఇది ఎంతమందికి తెలుసు? అన్నిటికంటే ముందు ఫోన్ తీసి వీడియో తీయండి. సాక్ష్యం లేకపోతే ఏదీ నిలబడదు.

ఆదోని_అన్న, 10:02
వీడియో అన్న వాళ్లెవరూ నా ముందు నిలబడొద్దు. మూడేళ్ల కింద మా చెల్లెలిని ఒకడు షేర్ ఆటోలో ఇబ్బంది పెట్టాడు. ఎదురుగా కూర్చున్న కుర్రాడు వీడియో తీశాడు, మంచి ఉద్దేశంతోనే. "ఇట్లాంటోళ్లను వదలొద్దు" అని గ్రూపులో పెట్టాడు. రాత్రికి మా ఊరి గ్రూపులోకి వచ్చింది. వాడి మొహం సగమే కనిపిస్తుంది, మా చెల్లెలిది మొత్తం కనిపిస్తుంది. మా పెదనాన్న ఇంటికొచ్చి, "ఆ ఆటో ఎందుకు ఎక్కింది" అని అడిగాడు. ఆరు నెలలు ఇల్లు కదల్లేదు నా చెల్లెలు.

లా_ఫైనలియర్_కడప, 10:06
సారీ అన్నా. కానీ అది వీడియో తప్పు కాదు, ఫార్వర్డ్ చేసిన వాళ్ల తప్పు.

ఆదోని_అన్న, 10:08
తీసినవాడి చేతిలోంచే కదా పోయింది? ఆటోలో నలుగురున్నారు. ఒక్కడు "జరగరా" అని మధ్యలో కూర్చుని ఉంటే సరిపోయేది. అందరికీ ఫోనే గుర్తొచ్చింది.

లా_ఫైనలియర్_కడప, 10:15
రేపు వాడు లాయరును పెట్టుకుని, "నేనేమీ చేయలేదు, రద్దీలో తగిలింది" అంటే ఏం చూపిస్తారు? ఆవేశంతో కేసులు గెలవవు. మీ బాధ నిజమే, చట్టమూ నిజమే.

ఆదోని_అన్న, 10:17
నువ్వు కేసు గురించి మాట్లాడుతున్నావు. నేను నా చెల్లెలి గురించి మాట్లాడుతున్నాను.

సైకాలజీ_మేడమ్, 10:24
నేను పీజీ సైకాలజీ, పదేళ్లుగా పాఠం చెప్తున్నాను. జనం రాతిగుండెలు అయి గమ్మునుండరు. ఎక్కువమంది ఉంటే "ఎవరో ఒకరు చూస్తారులే" అని ప్రతి ఒక్కరూ అనుకుంటారు. 1964లో న్యూయార్క్‌లో ఒక యువతిని చంపుతుంటే 38 మంది చూస్తూ ఊరుకున్నారు. దాని తర్వాతే ఈ పరిశోధన మొదలైంది.

పుస్తకాల_పిచ్చి_నంద్యాల, 10:33
మేడమ్, ఆ 38 మంది కథ నిజం కాదు. అప్పట్లో రాసిన న్యూయార్క్ టైమ్స్ పత్రికే 2016లో అందులో తప్పులున్నాయని ఒప్పుకుంది. చాలామందికి అరుపు వినపడింది కానీ ఏం జరుగుతుందో కనపడలేదు. చివర్లో ఒక పొరుగావిడ కిందికి దిగిపోయి ఆమెను ఒళ్లోకి తీసుకుని కూర్చుంది. ఆవిడను అందరూ మర్చిపోయారు, నాకు అదే బాధ.

సైకాలజీ_మేడమ్, 10:41
కథలో తప్పుండొచ్చు. ప్రయోగం తప్పు కాదు. 1968లో డార్లీ, లటానే అనే ఇద్దరు అమెరికా సైకాలజిస్టులు చేశారు. పక్క గదిలో ఒకరికి మూర్ఛ వచ్చినట్టు వినిపించారు. వింటున్నది తానొక్కడే అనుకున్నవాళ్లలో 85 శాతం లేచారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకున్నప్పుడు 31 శాతమే. అందుకే "ఎవరైనా సాయం చేయండి" అని అరిస్తే పని జరగదు. "నీలం చొక్కా అన్నా, నువ్వు కండక్టరును పిలువు" అనాలి. ఒక మనిషిని చూపించి అడిగితే ఆ మనిషి లేస్తాడు.

మల్లిక_కడప, 10:50
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. నేను ట్రాన్స్ మహిళను. మీరంతా బస్సులో మీద పడేవాళ్ల గురించి మాట్లాడుతున్నారు. నాకు అది కూడా ఉంది. దాంతో పాటు ఇంకోటి ఉంది. బస్సులో ఎంతమంది నిలబడి ఉన్నా నా పక్క సీటు ఖాళీగా ఉంటుంది. కడప నుంచి ప్రొద్దుటూరు దాకా ఆ ఖాళీ సీటు పక్కన కూర్చుంటే ఎట్లా ఉంటుందో ఎవరికైనా చెప్పగలనా?

ఒక్కసారి ఒక జేజి ఎక్కింది. "జరుగు పాపా" అని కూర్చుంది. ఒడిలోంచి ఉడికించిన శనక్కాయలు తీసి నా చేతిలో పోసింది. వెనక సీటు కుర్రాళ్లు ఏదో కూశారు. ఆమె వెనక్కి తిరిగి, "మీ అమ్మ పేరేంది, ఏ ఊరు మీది?" అని అడిగింది, అంతే. గమ్మునైపోయారు. ఆ జేజికి సెక్షన్లు తెలియవు.

ఒక ప్రశ్న. జీరో టికెట్ మాకూ వర్తిస్తుంది కదా, దానికి ట్రాన్స్‌జెండర్ కార్డు తప్పకుండా ఉండాలా, ఆధార్ చూపిస్తే చాలా? మీలో ఎవరికైనా తెలుసా?

రాయల్_బాబు, 10:56
మీవాళ్లు టోల్ గేట్ల దగ్గర డబ్బులకు ఆపుతారు కదా, జనం భయపడక ఏం చేస్తారు?

నరేష్_సీమబిడ్డ, 10:58
ఆమె ఎవరి దగ్గర డబ్బులడిగింది? బస్సులో సీటు గురించి చెప్పింది. ఎవరో చేసిన దానికి ఈమెను నిలదీస్తావా? తీసేయ్ ఆ మాట.

ధర్మవరం_లక్ష్మి, 10:59
తీసేయాల్సిందే. మల్లికా, నువ్వు పోవద్దు, ఇక్కడే ఉండు.

బషీర్_దేవునికడప, 11:10
మల్లిక గారి ఖాళీ సీటు చదివాక నాది కూడా చెప్పాలనిపించింది. ఉగాది రోజు మా ఇంట్లో వాళ్లు దేవుని కడప గుడికి పోయి దండం పెట్టుకుని వస్తారు, మా తాతల నుంచి అలవాటు. కానీ కర్నూలులో ఉద్యోగం వచ్చాక ఇల్లు వెతికితే, ఫోనులో సరే అన్నవాళ్లు పేరు వినగానే "ఇప్పుడే వేరేవాళ్లు అడ్వాన్స్ ఇచ్చారు" అన్నారు. నాలుగు ఇళ్లు. ఐదో ఇంటికి నా ఆఫీసు స్నేహితుడు తోడొచ్చాడు. ఆ ఓనరు ఆయన బంధువే. ఓనరు నసుగుతుంటే, "ఇతనికి ఇవ్వకపోతే పైన పోర్షన్ నేను కూడా ఖాళీ చేస్తాను మామా" అన్నాడు. మూడేళ్లుగా ఆ ఇంట్లోనే ఉన్నాను. రంజాన్‌కు ఓనరమ్మ మా ఇంటి సేమ్యా అడిగి పెట్టించుకుంటుంది. నా తరఫున ఎంతమంది జాలిపడ్డారో లెక్కలేదు. తన ఇల్లు పోయినా పర్లేదు అన్నవాడు ఒక్కడే.

మాజీ_కండక్టర్, 11:16
ఆ స్నేహితుడికి నా నమస్కారం చెప్పు బాబూ.

లా_ఫైనలియర్_కడప, 11:22
ఆదోని అన్నకు ఒక మాట. ఇప్పటిదాకా మీరు చెప్పిందే ఆలోచిస్తున్నాను. వీడియో తీయాల్సి వస్తే వాడిని, బస్సు నంబరును మాత్రమే తీయాలి, పిల్ల మొహం రాకూడదు. తీశాక ఆమెకే పంపి మన ఫోనులోంచి తీసేయాలి. ఏం చేయాలో ఆమె ఇష్టం. వీడియో అక్కర్లేదని మాత్రం నేను అనను.

ఆదోని_అన్న, 11:25
ముందు పక్కన కూర్చో. తర్వాత తీసుకో.

కర్నూలు_సంఘం_లీడర్, 11:34
పద్మ గారి రెండో ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు. మేము సి క్యాంప్ దగ్గర మా సంఘంలో చేశాం, చెప్తాను. ఉపన్యాసం పెట్టొద్దు, నిద్రపోతారు. పది కుర్చీలు రెండు వరుసలు వేసి బస్సు చేశాం. ఒకామెను మగాడిగా నిలబెట్టాం. మిగతావాళ్లం ఏం చేస్తామో చేసి చూడాలి. మొదటిసారి అందరం కిటికీ వైపు చూశాం. ఆడినప్పుడు కూడా! రెండోసారి ఒకామె లేచి, "ఏమ్మా, మీ అమ్మ బాగుందా, ఎన్నాళ్లయిందే చూసి" అంటూ తెలిసినదానిలాగా ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తన పక్కకు లాక్కుంది. అది అందరికీ నచ్చింది. మా అత్త వయసు వాళ్లు కూడా చేశారు, ఎందుకంటే దాంట్లో కొట్లాట లేదు. చివర్లో నంబర్లు ఫోనులో సేవ్ చేయించాం: 112, ఆడవాళ్లకు 181, పిల్లలకు 1098. ఆడవాళ్ల రక్షణకు పోలీసులు పెట్టిన శక్తి యాప్ కూడా వేయించాం. చిన్న ఫోనులున్న వాళ్లకు 112 ఒక్కటే కంఠస్థం చేయించాం.

పద్మ_దుర్గం, 11:48
అన్నీ చదివాను. లక్ష్మి అక్కా, థాంక్స్. ఆ లా బాబు చెప్పిన దాని మీద నాకు కోపం లేదు, నేను 112కు చేయాల్సింది, చేయలేదు. కుర్చీల బస్సు మా సంఘంలో చేయిస్తాను. ఇంకొక్కటే అడగాలి. సోమవారం మళ్లీ అదే ఏడు గంటల బస్సుకు వస్తున్నాను. ఆ పిల్ల కనిపిస్తే, ఆ రోజు నేను చూశానని చెప్పాలా? గుర్తుచేస్తే బాధపడుతుందేమోనని భయం.

మాజీ_కండక్టర్, 11:52
ఆమె అంతట ఆమె ఎత్తితే తప్ప మీరు ఎత్తొద్దమ్మా.

మల్లిక_కడప, 11:55
నేను ఒప్పుకోను పెద్దాయనా. ఎవరూ చూడలేదనుకుని బతకడం కంటే, చూసిన మనిషి వచ్చి "నాది తప్పైంది" అంటే కొంచెం బరువు తగ్గుతుంది. నాకైతే అట్లా ఎవరూ వచ్చి చెప్పలేదు. నలుగురిలో కాకుండా చెవిలో చెప్పు అక్కా.

మాజీ_కండక్టర్, 11:58
నువ్వు పడినదానివి. నీ మాటే వినమ్మా పద్మా.

డిగ్రీ_సెకండియర్, 12:06
నేను ఆ పిల్లను కాదు, కానీ రోజూ ఆత్మకూరులో అదే బస్సు ఎక్కుతాను. పద్మ ఆంటీ, సోమవారం మీ పక్కన నాకు కొంచెం చోటు ఆపుతారా?

పద్మ_దుర్గం, 12:09
డ్రైవరు వెనక రెండో సీటులో ఉంటాను. ఆకుపచ్చ సంచి. రా తల్లీ.