సంక్రాంతి విందుకు ముందురోజే ఏవి సిద్ధం చేసుకోవచ్చు?

ప్రశ్న:
ఈ సంక్రాంతికి బంధుమిత్రులు 20 మంది వరకు మా ఇంటికి భోజనానికి వస్తున్నారు. పులిహోర, బొబ్బట్లు, గారెలు ఇంట్లోనే వండాలని ఉంది, కానీ పొయ్యి దగ్గరే ఉండిపోకుండా అందరితో కలిసి తినాలని నా కోరిక. ముందురోజు ఏవి చేసి ఉంచుకోవచ్చో దయచేసి తెలుపగలరు.

సమాధానం 1:
చింతపండు గుజ్జులో పచ్చిమిర్చి, పసుపు, ఉప్పు, నూనె వేసి, నూనె పైకి తేలేవరకు ఉడికించి ముందురోజే ఉంచుకోండి. పండుగనాడు అన్నాన్ని పలుకుగా వండి, వెడల్పాటి పళ్లెంలో ఆరబోసి, వేడి మీదే కాస్త నూనె, కరివేపాకు చల్లి, చల్లారాక ఆ పులుసు కలిపితే మెతుకు విరగదు. పులిహోర కాసేపు ఊరితేనే రుచి, కాబట్టి ఉదయమే కలిపేయవచ్చు.

సమాధానం 2:
బొబ్బట్ల పూర్ణం కూడా ముందురోజు చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. అయితే ఉడికిన శనగపప్పులోని నీటిని పూర్తిగా వంచేయాలి, లేకపోతే బెల్లం కరగగానే పూర్ణం జారిపోతుంది. గారెలు మాత్రం ముందుగా వేయవద్దని నా గట్టి అభిప్రాయం. మినప్పిండిని వీలైనంత తక్కువ నీటితో రుబ్బి, వేయించబోయే ముందే ఉప్పు కలపండి. మిగిలిన గారెలను తాలింపు పెట్టిన పెరుగులో వేస్తే సాయంత్రానికి ఆవడలు సిద్ధం.

సమాధానం 3:
వచ్చినవారికి పని అప్పగించడానికి మొహమాటపడకండి. మా ఇంట్లో పిన్ని గారెలు తడుతుంటే బాబాయి వాటిని దోరగా వేయించి తీస్తారు, విస్తళ్లు వేయడం, నీళ్లు పెట్టడం పిల్లల వంతు. వడ్డన వంతులవారీగా సాగితే వండినవారు కూడా రెండో పంక్తిలో నిదానంగా కూర్చుని తినగలుగుతారు.