బ్లియోమైసిన్ మౌస్ మోడల్: మందు 1వ రోజు నుంచే ఇస్తే ఫైబ్రోసిస్ తగ్గినట్టా, అసలు మొదలే కానట్టా?

ప్రశ్న

ఐపీఎఫ్ (కారణం తెలియకుండా ఊపిరితిత్తుల్లో మచ్చ కణజాలం పేరుకునే జబ్బు; ఆ పేరుకోవడమే ఫైబ్రోసిస్) కోసం ఒక కాంపౌండ్ పరీక్షిస్తున్నాం. 8–10 వారాల మగ సీ57బీఎల్/6 మైస్‌కి 0వ రోజు ట్రాకియా (శ్వాసనాళం)లోకి 50 మైక్రోలీటర్ల బ్లియోమైసిన్ (లంగ్‌ని దెబ్బతీసి ఫైబ్రోసిస్ తెప్పించే క్యాన్సర్ మందు). 1వ రోజు నుంచి నోటి ద్వారా మందు. 21వ రోజు సాక్రిఫైస్ (లంగ్ పరీక్ష కోసం చంపడం). మందు గ్రూపులో కొల్లాజెన్ (మచ్చలో ఉండే ప్రొటీన్) బాగా తగ్గింది. అయితే వెహికల్ గ్రూపులో (బ్లియోమైసిన్ తర్వాత మందు లేని ద్రావకం మాత్రమే ఇచ్చినవి) హైడ్రాక్సీప్రోలిన్ (కొల్లాజెన్ ఎంతుందో చెప్పే కొలత) విలువలకు పొంతనే లేదు: కొన్ని సెలైన్ కంట్రోల్స్‌లాగే (బ్లియోమైసిన్ బదులు సెలైన్ ఇచ్చినవి) ఉన్నాయి, కొన్ని రెండింతలు దాటాయి. మధ్యలో కొన్ని చనిపోయాయి కూడా. గ్రూపుకి మైస్ సంఖ్య పెంచితే చాలా? వేరే జంతువుకి మారాలా?

జవాబు 1

సంఖ్య పెంచినా మొదటి చిక్కు తీరదండీ, అది టైమింగ్‌లో ఉంది. బ్లియోమైసిన్ పడ్డాక మొదటి వారమంతా ఇన్‌ఫ్లమేషనే: న్యూట్రోఫిల్స్, లింఫోసైట్లు, ఎడీమా. కొల్లాజెన్ పేరుకోవడం ఆ తర్వాత ఊపందుకుని 14–21 రోజుల మధ్య బాగా కనిపిస్తుంది. 1వ రోజు నుంచి ఇస్తే మీ మందు ఫైబ్రోసిస్‌ని తగ్గించిందో, దానికి దారితీసే వాపునే ఆపిందో తేల్చలేరు. అలా ముందే ఇస్తే స్టెరాయిడ్లూ పనిచేసినట్టే కనిపిస్తాయి. మనుషుల్లో ఏమైంది? ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్, అజాథయోప్రిన్, ఎన్-ఎసిటైల్‌సిస్టీన్ కలిపి ఐపీఎఫ్ రోగులకు ఇచ్చిన పాంథర్ ట్రయల్‌లో మరణాలు, ఆసుపత్రి చేరికలు పెరగడంతో ఆ చికిత్సను మధ్యలోనే ఆపేశారు. ఆ ఫలితాలు 2012లో వచ్చాయి.

కాబట్టి మందు 7 లేదా 8వ రోజున మొదలుపెట్టండి. ఆ రోజు బరువులు చూసి, ఎంత తగ్గాయన్నదాన్ని బట్టి సమంగా పంచి రాండమైజ్ చేయండి. 0వ రోజు చేసిన రాండమైజేషన్‌కి అప్పటికి విలువ పోతుంది. పాజిటివ్ కంట్రోల్‌గా (పనిచేస్తుందని ముందే తెలిసినది) ఐపీఎఫ్ మందు నింటెడానిబ్ రోజుకి 60 మి.గ్రా./కిలో పెట్టండి. అదే పనిచేయకపోతే ఆ బ్యాచ్‌ని నమ్మకండి.

ఇంకొకటి, 21వ రోజుని 42వ రోజు చేయాలనిపిస్తుంది, అదో ఉచ్చు. చిన్న వయసు మైస్‌లో 28 దాటాక మచ్చ తనంతట తానే కరగడం మొదలవుతుంది. ఐపీఎఫ్‌లో అలా జరగదు. కరగని ఫైబ్రోసిస్ కావాలంటే 18 నెలలు దాటిన ముసలి మైస్ వాడండి, లేదా రెండు వారాలకోసారి చిన్న డోసులు మళ్లీ మళ్లీ ఇవ్వండి.

జవాబు 2

పొంతన లేకపోవడం చాలావరకు చేతిలోని పనే. క్యాన్యులా లోతుగా పోతే మందంతా ఒక బ్రాంకస్‌లోకే వెళ్తుంది, ఒక లంగ్ రాయిలా గట్టిపడి రెండోది గులాబీ రంగులో మామూలుగా ఉంటుంది. పైకే ఆగితే ఎలుక మింగేస్తుంది, డోస్ కడుపు పాలు. మీ 'సెలైన్‌లాంటి' విలువలు చాలావరకు అవే అయ్యుంటాయి.

ఓరోఫారింజియల్ యాస్పిరేషన్ (గొంతులో వదిలిన ద్రవాన్ని శ్వాసతో లోపలికి పీల్పించడం) చూడండి. ఐసోఫ్లూరేన్ ఇచ్చాక ముందు పళ్లని దారానికి తగిలించి వాలు బోర్డు మీద వేలాడదీయాలి. మొద్దు ఫోర్సెప్స్‌తో నాలుక బయటికి లాగి, 50 మైక్రోలీటర్లు గొంతు వెనక వదిలి, వెంటనే ముక్కు మూయాలి. రెండు మూడు లోతైన శ్వాసలు తీసుకుని ద్రవం 'చిటచిట'మంటూ లోపలికి పోయాకే నాలుక వదలండి. అనస్థీషియా తేలికైతే మింగుతుంది, మరీ ఎక్కువైతే శ్వాసే బలహీనపడి ద్రవం గొంతులోనే ఉండిపోతుంది.

డోస్ యూనిట్లు కూడా సరిచూసుకోండి. ఒక యూఎస్‌పీ (అమెరికా ఫార్మకోపియా) యూనిట్ అంటే 1000 ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు). మి.గ్రా. లెక్క వేరు, వయల్ లేబుల్‌నే నమ్మండి. 1–3 యూఎస్‌పీ యూనిట్లు/కిలో మామూలు పరిధి. అందులో మీ స్ట్రెయిన్‌కి, మీ లాట్‌కి ఏది సరిపోతుందో చిన్న పైలట్‌తోనే తేలుతుంది.

జవాబు 3

మరణాలని విశ్లేషణలోంచి ఊరికే తీసేయకండి. జబ్బు ఎక్కువైనవే ముందు పోతాయి, మిగిలినవాటి సగటు మంచిగా కనిపిస్తుంది. రోజూ తూచండి, 20 శాతం బరువు పోతే హ్యూమేన్ ఎండ్‌పాయింట్ (బాధ పడకుండా అక్కడే ముగించాల్సిన హద్దు). తడి మేత కేజ్ నేల మీదే పెడితే చాలా ఎలుకలు గట్టెక్కుతాయి.

హైడ్రాక్సీప్రోలిన్‌ని మి.గ్రా. టిష్యూకి కాకుండా లంగ్ మొత్తానికి మైక్రోగ్రాముల్లో చెప్పండి, ఎడీమా బరువు నిష్పత్తిని పడేస్తుంది. 6 ఎన్ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో 110 డిగ్రీల దగ్గర రాత్రంతా హైడ్రోలైజ్ చేసేటప్పుడు మూత లీకైతే ఆ శాంపిల్ విలువ తప్పుతుంది. మిగిలిన యాసిడ్ క్లోరమైన్-టీ చర్యనీ పాడుచేస్తుంది కాబట్టి పీహెచ్ సరిచేశాకే రియేజెంట్ వేయండి. హిస్టాలజీ లంగ్‌ని 25 సెం.మీ. నీటి పీడనం దగ్గర నింపి ఫిక్స్ చేయండి. ముడుచుకున్న లంగ్‌లో మామూలు గోడ కూడా మందంగానే కనిపిస్తుంది, ఆష్‌క్రాఫ్ట్ స్కోర్ (మైక్రోస్కోప్‌లో చూసి వేసే ఫైబ్రోసిస్ మార్కు) పెరుగుతుంది.

జంతువు మార్పు అంటారా, ఫైబ్రోసిస్‌కి మౌసే చాలు. బాల్బ్/సీ స్ట్రెయిన్ మాత్రం వద్దు, బ్లియోమైసిన్‌కి అంతగా లొంగదు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అయితే లెక్క వేరు: సీఎఫ్‌టీఆర్ (ఆ జబ్బులో పాడయ్యే జన్యువు) లేని మౌస్‌కి మనుషుల్లోలాంటి లంగ్ జబ్బు తనంతట రాదు, పందికీ ఫెరెట్‌కీ వస్తుంది. సీఓపీడీ (ఎక్కువగా పొగ వల్ల వచ్చే దీర్ఘకాలిక శ్వాస జబ్బు)లో ఇంకో ఇబ్బంది, మౌస్‌కి సబ్‌మ్యూకోసల్ గ్రంథులు దాదాపు ట్రాకియాలోనే ఉంటాయి, రెస్పిరేటరీ బ్రాంకియోల్స్ లేనట్టే. నెలల తరబడి పొగ పట్టించినా ఎంఫిసీమా స్వల్పంగానే వస్తుంది, మనుషుల్లోలా కఫం పేరుకున్న బ్రాంకైటిస్ రాదు.

అడిగినవారు

8వ రోజు నుంచి మందు, ఓరోఫారింజియల్ పద్ధతితో ప్రొటోకాల్ మారుస్తున్నాం. సెలైన్ ప్లస్ మందు గ్రూపు కూడా అవసరమా?

జవాబు 1

అవసరమే. మందు తనంతట తానే బరువు తగ్గిస్తుంటే 20 శాతం గీతని దాటించింది మందో బ్లియోమైసినో ఆ గ్రూపు లేకుండా చెప్పలేరు. చిన్న గ్రూపు చాలు.