రైళ్ల పిచ్చి ఉన్న పిల్లలతో మీరెలా వేగుతున్నారు?

ఆమదాలవలస అమ్మ
మా గుంటడికి ఏడేళ్లు. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ దగ్గరే మా ఇల్లు. బడి నుంచి రాగానే సంచి పడేసి స్టేషన్‌కి పద అంటాడు. గూడ్సు వస్తే పెట్టెలన్నీ లెక్కపెట్టేదాకా కదలడు. మొన్న ఆడపడుచు ఇంట్లో పెళ్లికి వెళ్తే వచ్చినవాళ్లందరినీ ఏ బండిలో వచ్చారని అడిగాడు. మా అత్తగారు డాక్టరుకి చూపించమంటున్నారు. చదువు పాడవకుండా ఎలా చూసుకుంటున్నారు? సంక్రాంతి సెలవులకి ఏ లైనులో తిప్పమంటారు?

కోట జంక్షన్
డాక్టరెందుకమ్మా? మాది విజయనగరం, మా పాపకి పదకొండు. అవును, పాపే. ఆడపిల్లకి ఇంజన్ల గొడవెందుకని ఎంతమంది అన్నారో! దానికి ఇంగ్లీషు అక్షరాలు ఇంజన్ల మీద రాసి ఉండే పేర్లతోనే వచ్చాయి. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, ఏ అంటే ఏసీ కరెంటు, పీ అంటే పాసింజరు, జీ అంటే గూడ్సు. లెక్కలు టైం టేబుల్‌తో వచ్చాయి.

పార్వతీపురం టీచర్
ఇష్టం ఒక్కటే అయితే భయం లేదు. పిలిస్తే పలకకపోవడం, తోటి పిల్లలతో కలవకపోవడం కూడా ఉంటే ఒకసారి చూపించడమే మంచిది.

కోట జంక్షన్
టీచర్ గారూ, ఇలాంటి మాటలతోనే మా ఇంట్లో రెండేళ్లు టెన్షన్ పడ్డాం. ఆవిడ అవేమీ చెప్పలేదు కదా!

నౌపడ ఉప్పు
సెలవులకి నౌపడ నుంచి గుణుపూర్ వెళ్లండి. మా తాత ఆ మీటర్ గేజ్ బండిలోనే ఉప్పు బస్తాలేసుకుని పర్లాకిమిడి వెళ్లేవాడు.

రిటైర్డ్ గార్డు
మీటర్ గేజ్ కాదు బాబూ, నేరో గేజ్. పట్టాల మధ్య రెండడుగుల ఆరంగుళాలే. పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను, 1900లో మొదలైంది. తర్వాత గుణుపూర్ దాకా పొడిగించారు. 2004లో ఆపేసి బ్రాడ్‌గేజ్ చేశారు, 2011లో మళ్లీ బళ్లు నడిచాయి. రైల్వేలో ముప్పై రెండేళ్లు చేశాను, ఈ లైను గురించి నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

నౌపడ ఉప్పు
మా ఊళ్లో అందరూ మీటర్ గేజ్ అనే అనేవారు. మీరు ఉద్యోగం చేసింది ఇక్కడేనా?

రిటైర్డ్ గార్డు
అందరూ అంటే మారిపోతుందా? మీటర్ గేజ్ అంటే పట్టాల మధ్య 1000 మిల్లీమీటర్లు. నౌపడది 762. టేపు పెడితే తెలిసేది, మీ తాతని అడిగితే కాదు.

నౌపడ ఉప్పు
మా తాత ఊసెత్తకండి. ఆ బండి మీదే ఆయన మా నాన్నని చదివించాడు.

బొబ్బిలి నాన్న
గేజ్ సంగతి తర్వాత చూసుకోండి. మావాడు పదో తరగతి. చిన్నప్పట్నుంచి లోకో పైలట్, అంటే రైలు డ్రైవర్, అవుతానని ఒకటే మాట. ఎనిమిదిలో కళ్లద్దాలొచ్చాయి. ఆ ఉద్యోగానికి అద్దాలు లేకుండా 6/6 చూపు ఉండాలి, లేజర్ ఆపరేషన్ చేయించుకున్నా కుదరదు. నెట్‌లో చదివి రెండు రోజులు అన్నం ముట్టలేదు. రాయగడ బండి హారన్ వినిపిస్తే గది తలుపేసుకునేవాడు. చిన్నపిల్లలకి నువ్వే డ్రైవర్‌వి అని నూరిపోయకండమ్మా.

రిటైర్డ్ గార్డు
బాబుకి చెప్పండి, ఇంజన్లు డిజైన్ చేసేచోట అద్దాలవాళ్లు బోలెడుమంది. విశాఖలో ఇంజన్లు బాగుచేసే లోకో షెడ్డు ఉంది. బయట నుంచైనా ఒకసారి చూపించండి.

చీపురుపల్లి అక్క
2023 అక్టోబర్ 29న కంటకాపల్లి దగ్గర పలాస పాసింజర్‌ని వెనక నుంచి రాయగడ పాసింజర్ గుద్దినప్పుడు మా తమ్ముడు పలాస బండిలో ఉన్నాడు. ముందు పెట్టెలో కాబట్టి దక్కాడు. అప్పట్నుంచి మా పిల్లాడు ఎవరు రైలెక్కినా చేరారా అని ఫోన్ చేయించి, జవాబు వచ్చేదాకా పడుకోడు. బండి బొమ్మలు మాత్రం ఇంకా గీస్తున్నాడు. వద్దనలేదు.
స్టేషన్‌కి వెళ్లేవాళ్లు పిల్లల చెయ్యి వదలకండి. ఆగి ఉన్న వ్యాగన్ ఎక్కినా పైన తీగలో 25 వేల వోల్టులుంటాయి, తాకకపోయినా లాగేస్తుంది.

కొత్తవలస
ఆవిడ అడిగిన సెలవుల సంగతి ఎవరూ చెప్పరేం? మా ఊళ్లో కిరండూల్ పాసింజర్ ఎక్కి అరకు వెళ్లండి. ఘాట్‌లో సొరంగాలు బాబునే లెక్కపెట్టమనండి. బొర్రా గుహలు దాటాక సిమిలిగుడ దగ్గర లైను దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తుకి వెళ్తుంది. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం గూడ్సులు ఎదురవుతాయి, రెండేసి మూడేసి ఇంజన్లతో. అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె కావాలంటే టికెట్ ముందే తీసుకోండి.

నౌపడ ఉప్పు
మా నాన్నని అడిగాను. నేరో గేజే అట. గార్డు గారూ, మాట మాత్రం మెత్తగా చెప్పాల్సింది.

ఆమదాలవలస అమ్మ
బొబ్బిలి అన్నయ్యా, మీ బాబు గురించి చదివాక మా ఆయనా నేనూ చాలాసేపు మాట్లాడుకున్నాం. డ్రైవర్ అని పిలవడం మానేశాం.
మావాడికి 762, 1000 అని చెప్తే, మరి మన లైను ఎంత అన్నాడు. 1676 అన్నాను. పట్టాల దగ్గర కొలుస్తానంటే వద్దన్నాను. టైలర్ టేపుతో హాల్లో గచ్చు మీద మూడూ సుద్దతో గీశాడు. మా అత్తగారు ఆ 762 గీతల మధ్య పీట వేసుకుని బియ్యం ఏరుతున్నారు, గుంటడు పక్కనే కూర్చుని ఆవిడకి గుణుపూర్ స్టేషన్లు చెప్తున్నాడు. అరకు టికెట్లు రేపు చూస్తాను.