కిసుముకి అమ్మను తీసుకెళ్తున్నాను, రెండు రోజులు సరిపోతాయా?

ఆకివీడు అమ్మాయి:
అందరికీ నమస్తే. మా తమ్ముడు కెన్యా రాజధాని నైరోబీలో ఉద్యోగం చేస్తున్నాడు. ఫిబ్రవరిలో అమ్మా నేనూ హైదరాబాద్ నుంచి వాడి దగ్గరికి వెళ్తున్నాం. అందరూ అక్కడి మసాయ్ మారా జంతువుల అడవి చూడమంటున్నారు. అమ్మకి 62 ఏళ్ళు, నడుం నొప్పి. రోజంతా జీపులో కుదుపులంటే కష్టం. విక్టోరియా సరస్సు ఒడ్డున కిసుము అనే ఊరుందని చెప్తే, కొల్లేరు పక్కన పుట్టి పెరిగిన మనిషి కదా, "అక్కడికే పోదాం" అంది. తమ్ముడి ఆఫీసులో మాత్రం "అక్కడ చూడ్డానికి ఏముంది?" అంటున్నారట. ఎవరైనా వెళ్ళొచ్చారా? అమ్మ చేపలు తింటుంది, నేను తినను.

కైకలూరు బాబాయ్:
తప్పకుండా తీసుకెళ్ళు చెల్లెమ్మా. నేను కిసుములో రెండేళ్ళున్నాను. సరస్సులో వలల పంజరాలు కట్టి తిలాపియా పెంచే ఒక ఫారంలో పని. ఆ "ఏముంది" అనే మాట విన్నప్పుడల్లా నాకు బాధగానే ఉండేది. చూసి వచ్చేసే ఊరు కాదది, రెండు పూటలు కూర్చుంటే తెలిసే ఊరు. వీలైతే మూడు రాత్రులు ఉండండి.

ముందే ఒక మాట. విక్టోరియా మొత్తం 68 వేల చదరపు కిలోమీటర్ల పైనే, కేరళ అంతా పట్టి ఇంకా బోలెడు మిగులుతుంది. కానీ కిసుము ఉన్నది వినామ్ గల్ఫ్ అనే సన్నటి పాయ చివర. అవతల కొండలు కనిపిస్తాయి. సముద్రంలా ఉంటుందనుకుని వెళ్తే మొదట కాస్త నిరాశ కలుగుతుంది.

పొద్దున్నే డుంగా అనే చేపల రేవుకి వెళ్ళండి. ఊరికి మూడు నాలుగు కిలోమీటర్లు, టుక్‌టుక్‌లో పోవచ్చు (మన ఆటోయే, చాలావరకు బజాజ్ బండ్లే). పక్కనే మన జమ్ములాగా పాపిరస్ మనిషిని మించి పెరిగి ఉంటుంది. రాత్రి వేటకు పోయిన పడవలు తెల్లారాక తిరిగొస్తాయి. చీకటి రాత్రుల్లో దీపాలు పెట్టి ఒమెనా అనే చిన్న చేపను పడతారు. మన మెత్తళ్ళలా వెండి రంగులో మెరుస్తుంది. గట్టు మీద నిలబడి చూస్తే ఆ దీపాల వరస నీళ్ళ మీద ఇంకో ఊరు లేచినట్టుంటుంది. పొద్దున ఆడవాళ్ళు ఆ ఒమెనాని నేల మీద పాత వలలు పరిచి ఎండబెడతారు. ఆ వాసనకి మీ అమ్మగారికి సొంతూరు గుర్తొస్తుంది. నాకు మొదటి రోజే కళ్ళు చెమర్చాయి.

పెద్ద చేపను ఎంబుటా అంటారు, అదే నైల్ పెర్చ్. 1950లలో తెచ్చి వదిలారు. అది తిన్న తిండికి సరస్సులోని స్థానిక చేపల రకాలు ఎన్నో కనిపించకుండా పోయాయి. దాని కండంతా కోసి విదేశాలకు పంపిస్తారు. మిగిలిన తలకాయ, వెన్నుముల్లు వేయించి ఊళ్ళోవాళ్ళకు అమ్ముతారు. దాని పేరు "ఎంగొంగో వాజి", అంటే బోసి వీపు. తమ సరస్సు చేపలో తమకి ముల్లే మిగలడం చూస్తే నాకు ముద్ద దిగేది కాదు.

భోజనానికి న్గెగె, అంటే తిలాపియా, చెప్పండి. "వెట్ ఫ్రై" అంటే వేయించిన చేపను టమాటా, ఉల్లిపాయ గ్రేవీలో వేసి ఇస్తారు. చేప మొత్తం తలతో సహా వస్తుంది. పక్కన ఉగాలి, అంటే మొక్కజొన్న పిండితో గట్టిగా కెలికిన సంకటి, ఇంకా సుకుమా వికి అనే ఆకుకూర. గోరువెచ్చటి నీళ్ళ జగ్గు తెచ్చి, బల్ల దగ్గరే చేతులు కడిగిస్తారు. స్పూను అడక్కండి, అక్కడా చేత్తోనే తింటారు.

పడవెక్కే ముందు గుర్రపు డెక్క ఎటుందో అడగండి. అవును, మన కొల్లేట్లో ఉండేదే. గాలి మారితే పచ్చటి చేలలా కొట్టుకొచ్చి రేవు మొత్తం మూసేస్తుంది. ఓసారి హిప్పోల కోసం బయల్దేరితే ఇంజను రెక్కలకి వేళ్ళు చుట్టుకుని గంటన్నర కదల్లేదు. పడవ కుర్రాడు కత్తితో ఒక్కో తీగా కోస్తూనే ఉన్నాడు. ఎండకి నాకు కళ్ళు తిరిగాయి. టోపీ, నీళ్ళ సీసా, లైఫ్ జాకెట్ లేకుండా అమ్మగారిని ఎక్కించొద్దు. సరస్సులో కాళ్ళు కూడా పెట్టనీయకండి, నత్తల నుంచి వచ్చే బిల్హార్జియా జబ్బు ఉంది.

నైరోబీ కోడలు:
బాబాయ్ గారు చెప్పనివి రెండు మూడు కలుపుతాను. కెన్యాకి ఈటీఏ (దేశంలోకి రావడానికి ఇచ్చే అనుమతి) ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎం అనే ప్రభుత్వ సంస్థలో వేస్తారు. 60 దాటినవాళ్ళకి ఆ టీకా విషయంలో జాగ్రత్త అవసరం, కాబట్టి అమ్మగారిని ముందు డాక్టరుకి చూపించండి. టీకా వేయించుకున్నట్టు ఇచ్చే పసుపు పుస్తకం లేకపోతే తిరిగొచ్చాక మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్ టెన్షన్ ఉంటుంది. కిసుము వైపు మలేరియా ఎక్కువ, మందు గురించి కూడా అప్పుడే అడగండి.

నైరోబీ నుంచి కిసుముకి రాత్రి రైలు ఉంది కానీ పన్నెండు గంటలు పడుతుంది, నడుం నొప్పికి వద్దు. విమానంలో గంట కూడా పట్టదు. ఆ రైలు దారి సరస్సు ఒడ్డుకు చేరింది 1901లో. పట్టాలు వేసిన కూలీలు ఎక్కువమంది పంజాబ్ నుంచి వెళ్ళినవాళ్ళే, గుజరాత్ వైపు నుంచి వ్యాపారులూ వెళ్ళారు. అందుకే కిసుములో గురుద్వారా, గుళ్ళు ఉన్నాయి. శాకాహారం గురించి బెంగపడకండి. చపాతీ, చాయ్, సమోసా అక్కడా అవే పేర్లు.

నేను డిసెంబరులో వెళ్ళినప్పుడు టాక్సీ అతను ఇండియన్ అని తెలియగానే బండి స్లో చేసి, "మా బాబా మీ దగ్గరే పోయారు" అన్నాడు. కెన్యా మాజీ ప్రధాని రైలా ఒడింగా గురించి, ఆయన్ని అక్కడ బాబా అంటారు. 2025 అక్టోబరులో కేరళలో చికిత్స తీసుకుంటూ చనిపోయారు కదా. ఊళ్ళో పెద్ద వీధికి ఉన్నది ఆయన తండ్రి పేరే. నేను "సారీ" అన్నాను, ఇంకేం అనాలో తోచలేదు. దిగేటప్పుడు "ఎరోకమానో" అన్నాడు, అక్కడివాళ్ళ లువో భాషలో థాంక్స్. మీరూ ఆ మాట నేర్చుకోండి, ముఖాలు వెలిగిపోతాయి.

ఆకివీడు అమ్మాయి:
ఇద్దరికీ చాలా చాలా థాంక్స్. మూడు రాత్రులకే బుక్ చేస్తున్నాం. ఇదంతా అమ్మకి చదివి వినిపించాను. ఆ బోసి వీపు దగ్గర ఆపి, "ఆ ముళ్ళు ఉత్త వేపుడేనా, పులుసు కూడా పెడతారా అడుగు" అంది.

కైకలూరు బాబాయ్:
వేయించాక టమాటా వేసి ఉడికిస్తారని చెప్పమ్మా. చింతపండు మాత్రం ఉండదు. నేను తలకాయలు కొని తెచ్చుకుని ఇంట్లో పులుసు పెట్టుకునేవాణ్ణి. పక్కింటి ఆవిడ గిన్నె పట్టుకుని వచ్చేది.